ఏరు తోటను కోసేసింది, ఎదురుగా లంక వేసింది. ఆ లంక ఎవరిది?

గట్టు_రైతు: గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున మా కొబ్బరి తోట ఏళ్ళ తరబడి కోతకు పోతూ వచ్చింది. 2022 జూలై వరదలో మిగిలిన చెట్లూ పోయాయి. ఇప్పుడు సరిగ్గా ఆ ఎదురుగా ఏటి మధ్యలో లంక మేట వేసింది. పాస్ పుస్తకం నా పేరునే ఉంది. ఆ లంక నాకు రావాలా వద్దా?

రిటైర్డ్_సర్వేయర్: రాదు బాబూ. 1905 భూ ఆక్రమణల చట్టం ప్రకారం నదీ గర్భం ప్రభుత్వానిది. మీ గట్టుకు ఆనుకుని కొద్దికొద్దిగా మేట వేస్తే అడగొచ్చు. ఏటి మధ్యలో విడిగా లేచిన లంకను అడగలేరు. ఏరు ఒక్కసారిగా దారి మార్చి పొలాన్ని విడదీస్తే, ఆ నేలను గుర్తుపట్టగలిగితే మాత్రం హక్కు పోదు.

గట్టు_రైతు: ఒక్కసారిగానే పోయింది కదండీ! పడుకునేటప్పుడు ఉన్న చెట్లు తెల్లారేసరికి లేవు.

రిటైర్డ్_సర్వేయర్: ఏళ్ళ తరబడి పోయిందని మీరే రాశారు. అయినా మీ నేల విడిపోలేదు, కరిగిపోయింది.

కోనసీమ_కుర్రాడు: మేటలు, కోతల మీద 1825లో చేసిన రెగ్యులేషన్‌లో ఇదంతా ఉంది, చదవండి.

రిటైర్డ్_సర్వేయర్: అది బెంగాల్‌ది. అప్పట్లో మన ప్రాంతం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీది కాదు.

కోనసీమ_కుర్రాడు: సూత్రం ఒకటే కదా సార్?

రిటైర్డ్_సర్వేయర్: సూత్రం వేరు, చట్టం వేరు. రాసేముందు చూసుకోవాలి.

గట్టు_రైతు: మీరు బెంగాల్ దగ్గరే ఆగిపోయారు. ప్రభుత్వం భూములు మళ్ళీ కొలిచిన రీసర్వేలో డ్రోన్ ఎగరేసి, నీళ్ళు కనపడినంత మేరా నది అని రాసేశారు. మా తాత కట్టిన శిస్తు ఏమైనట్టు?

రిటైర్డ్_సర్వేయర్: 1923 సర్వే, సరిహద్దుల చట్టం కింద సర్వే పూర్తయిందని నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు వెళ్ళాలి. తేదీ చూసుకోండి.

లంక_కౌలు: ఆ లంకలో రెల్లు కొట్టి నేల బాగుచేసింది మేం. పుచ్చ, దోస, మిరప వేస్తున్నాం. భూమిలేని కూలీల సంఘాలకు ప్రభుత్వం లంకలు కౌలుకివ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. మొన్న రేవులో మా పడవను ఎవరు ఆపించారో అందరికీ తెలుసు.

గట్టు_రైతు: నా తోట మట్టి మీద మీరు పంట తీస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?

లంక_కౌలు: అది భద్రాచలం పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు. మీ తోటది ఎంతో చూపించండి.

ఏటిగట్టు_సీను: ఇసుక తవ్వకాలు ఆపకుండా ఎన్ని చట్టాలు చదివినా కోత ఆగదు.

రిటైర్డ్_సర్వేయర్: ఇద్దరూ తగ్గండి. నది దారి మారి భూమి పోయిన సన్న, చిన్నకారు రైతుకు కేంద్రం 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో హెక్టారుకు 47,000 రూపాయలు ఉంది. అడిగారా?

గట్టు_రైతు: ఎకరాకు 19 వేలు! కాపు కాసే కొబ్బరి తోటకు అదా ధర? అసలు మాట చెప్తా వినండి. నా భూమి పోయింది. రేపు లంక మీద వాళ్ళకు పట్టా ఇస్తారు. అప్పుడు నా కొడుకు వాళ్ళ దగ్గరికి కూలికెళ్ళాలా?

లంక_కౌలు: ఇదన్నమాట. మా నాన్న మీ తోటలోనే కూలికి కొబ్బరికాయల దింపు తీశాడు. కూలికి రావడం మాకైతే తప్పు కాదు, మీకైతే తలవంపులా?

గట్టు_రైతు: నేను ఆ ఉద్దేశంతో అనలేదు.

లంక_కౌలు: ఏ ఉద్దేశమో రాశారుగా. మీ భూమి పోయినందుకు మీకు ఇంకా ఎక్కువ ఇవ్వాలని అడగండి, సంతకం పెట్టడానికి మా సంఘం అంతా వస్తుంది. లంక మీద అభ్యంతరం ఉంటే ఆర్డీఓకు అర్జీ పెట్టుకోండి. పడవ మాత్రం ఆపకండి, పుచ్చకాయలు కోతకొచ్చాయి.