రీల్ బిగ్ ఫిష్ రెండో ఆల్బమ్: ట్రంపెట్, ట్రాంబోన్ భాగాలు విడదీయడం ఎలా?

అందరికీ నమస్కారం. స్కా (జమైకాలో పుట్టిన సంగీత శైలి) వాయించే అమెరికా బ్యాండ్ రీల్ బిగ్ ఫిష్ వాళ్ల రెండో స్టూడియో ఆల్బమ్ 'టర్న్ ద రేడియో ఆఫ్' (1996) అంటే నాకు ప్రాణం. అందులో 'సెల్ అవుట్' పాటని మా కాలేజీ బ్యాండ్‌తో వాయించాలని ఉంది. గిటార్ పట్టుబడింది: దెబ్బ మీద కాకుండా రెండు దెబ్బల మధ్య, కింది నుంచి పైకి మీటి వెంటనే తీగల్ని అణచాలి. చిక్కంతా బాకాల దగ్గరే. రెండు ట్రంపెట్లు, రెండు ట్రాంబోన్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. పై వరస దొరికింది, కిందివి మాత్రం వేగం తగ్గించి విన్నా ఏది ఎవరిదో చెవికి అందట్లేదు. మాకున్నది ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్. ఏ రెండు వరసలు ఉంచితే ఆ ఊపు పోదు? స్కా వాయించిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. నొటేషన్ ఉంటే మరీ మంచిది.