హౌన్‌స్లోలో కొత్తగా దిగాం, శని ఆదివారాలు ఎటు వెళ్లాలి?

అందరికీ నమస్కారం. మాది సత్తెనపల్లి. మావారి ఉద్యోగం వల్ల ఏప్రిల్‌లో లండన్ వచ్చి హౌన్‌స్లోలో ఉంటున్నాం. పాపకి ఆరేళ్లు. శనివారం ఈస్ట్ హాం వెళ్లి సరుకులు తెచ్చుకునేసరికి పొద్దు గూకుతోంది, ఆదివారం బట్టలు, వంట. చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు గానీ టికెట్ల ధరలు చూస్తే గుండె జారిపోతోంది. కారు లేదు. పాపతో, తక్కువ ఖర్చులో వెళ్లదగ్గవి ఎవరైనా చెబుతారా?

జవాబు, ఐజల్‌వర్త్ నుంచి

అమ్మాయ్, ముందు ఆ శనివారం నీ చేతికి రావాలి. సరుకులకి ఈస్ట్ హాం దాకా దేనికి? హౌన్‌స్లోలో 120 బస్సెక్కితే సౌతాల్. పప్పులు, బియ్యం, కూరగాయలు, కరివేపాకు అన్నీ అక్కడే ఉంటాయి. శుక్రవారం పాపని బడిలో దింపి వెళ్లొచ్చేయ్. ఈస్ట్ హాం ఎప్పుడైనా గుడికి వెళ్లు. మురుగన్ గుడి, మహాలక్ష్మి గుడి చూసుకుని అక్కడే దోసె తిని రావచ్చు.

ఇక మీకు దగ్గర్లో ఉన్న ట్యూబు (భూగర్భ రైలు) పికడిల్లీ లైన్ ఒక్కటి చాలు, సగం లండన్ చూడొచ్చు. సౌత్ కెన్సింగ్టన్‌లో దిగితే మూడు మ్యూజియంలు పక్కపక్కనే: నేచురల్ హిస్టరీ, సైన్స్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్. మూడింటికీ ప్రవేశం ఉచితం. లోపల పెట్టే కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్. విరాళం డబ్బా కనిపిస్తుంది, వేస్తే వేయొచ్చు, వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఒక్కరోజులో మూడూ చూడాలని పాపని తిప్పకు. ఒక పూటకి ఒకటి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మధ్య పెరట్లో లోతు లేని నీళ్ల కొలను ఉంటుంది, ఎండాకాలం పిల్లలంతా అందులోనే. పాపకి ఒక జత బట్టలు, తువ్వాలు పెట్టుకో.

సత్తెనపల్లి అన్నావు కాబట్టి ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. అన్నిటికన్నా ముందు బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లు. అదే లైన్లో రసెల్ స్క్వేర్ దిగి, మాంటేగ్ ప్లేస్ వైపు గుమ్మంలోంచి వెళ్లి 33ఎ గది ఎక్కడని అడుగు. ఆ అద్దాల గదిలో ఉన్నది మన అమరావతి. మహాస్తూపం చుట్టూ ఉన్న పలకలు, స్తంభాలు, సింహాలు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఆంగ్లేయ అధికారి తవ్వించి మద్రాసు పంపాడు, అక్కణ్ణుంచి ఓడల్లో ఇక్కడికి వచ్చాయి, 1880లో ఈ మ్యూజియంకి చేరాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

అక్కడ రెండువైపులా చెక్కిన ఒక పలక ఉంది, దాని దగ్గర కాసేపు నిలబడండి. పాత వైపున చెట్టు, కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెట్టే జనం. బుద్ధుడి రూపం ఉండదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండోవైపు స్తూపాన్నే చెక్కారు. పైన గుమ్మటం, కింద ద్వారం, సింహాలు, పూలమాలలు. ఇప్పుడు మన అమరావతిలో మిగిలింది మట్టిదిబ్బ, దాని అడుగు. అప్పుడు ఎలా ఉండేదో ఈ రాయే చెబుతుంది. మన పిల్లలు ఇది చూడకుండా ఈ ఊళ్లో పెరగడం నాకు బాధగా ఉంటుంది. సిబ్బంది తక్కువైన రోజు కొన్ని గదులు మూసేస్తారు, బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకో. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, రద్దీ తక్కువ.

జవాబు, ఫెల్తం నుంచి

అక్కా, ప్రయాణం సంగతి నేను చెబుతాను. శని ఆదివారాలు రోజంతా తక్కువ ఛార్జీయే. స్టేషన్ గేటు దగ్గర తాకించే బ్యాంకు కార్డు ఒక్కొక్కరూ సొంతది వాడాలి. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు కార్డు తాకిస్తే రెండింటికీ డబ్బు ఎక్కువ పడుతుంది, అందుకని రోజంతా ఒక్కటే వాడండి. పదకొండేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్లతో వస్తే ట్యూబులో, బస్సులో ఉచితం. మరమ్మతులన్నీ వారాంతంలోనే పెట్టుకుంటారు కాబట్టి శుక్రవారం రాత్రే టీఎఫ్ఎల్ (లండన్ రవాణా సంస్థ) సైటులో మీ లైను నడుస్తోందో లేదో చూసుకోండి.

H37 బస్సెక్కితే రిచ్‌మండ్. అక్కడ కొండ మీది నుంచి కనిపించే థేమ్స్ ఒంపుని చెడగొట్టకూడదని 1902లో చట్టమే చేశారు. ఇంకొంచెం నడిస్తే రిచ్‌మండ్ పార్కు, జింకలు విడిగా తిరుగుతుంటాయి. యాభై మీటర్ల దూరం ఉండాలి, ఏమీ తినిపించకూడదు. మే నెలలో ఇసబెల్లా తోటకి వెళ్లండి, అజేలియా పూలు విరగబూసి ఉంటాయి.

ఎత్తైన భవనం పైఅంతస్తులో ఉన్న స్కై గార్డెన్ కూడా ఉచితమే, కానీ ముందే బుక్ చేసుకోవాలి. శనివారాలవి త్వరగా అయిపోతాయి.

జవాబు, హ్యారో నుంచి

మీరు వచ్చింది మంచి రోజుల్లో. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే, డిసెంబరులో నాలుగింటికే చీకటి. పార్కులు, నది ఒడ్డు ఇప్పుడే చూసేయండి, మ్యూజియంలు కొన్ని చలికాలానికి అట్టేపెట్టుకోండి. సెప్టెంబరులో ఓపెన్ హౌస్ జరుగుతుంది. మామూలుగా బయటివాళ్లని రానివ్వని భవనాలు ఎన్నో తలుపులు తీస్తాయి. అక్టోబరులో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దీపావళి సంబరం, టికెట్ లేదు. డిసెంబరు 25న మాత్రం ట్యూబు, బస్సు ఏదీ నడవదు, ఆరోజుకి ఏదీ పెట్టుకోకండి.

మన సంఘాల ఉగాది, బతుకమ్మలకి తప్పక రండి, పాపకి తెలుగు మాట్లాడే స్నేహితులు దొరుకుతారు. అయితే ప్రతి వారం మనవాళ్ల ఇళ్లలో భోజనాలతోనే గడిపేస్తే ఊరు పరిచయం కాదు. మీవారిని శనివారం తొమ్మిదింటికి దగ్గర్లోని పార్క్‌రన్‌కి, అంటే పార్కులో అందరూ కలిసి చేసే పరుగుకి, పంపండి. అయిదు కిలోమీటర్లు, పూర్తిగా ఉచితం, నడిచినా ఎవరూ ఏమీ అనరు. 2004లో అది మొదలైన బుషీ పార్కు మీకు దూరమేమీ కాదు. పరుగయ్యాక టీ దగ్గర కబుర్లు మొదలవుతాయి, ఇరుగుపొరుగు తెలిసేది అక్కడే.

మొదట అడిగినావిడ

అందరికీ చాలా థాంక్స్ అండి. అమరావతి రాళ్లు ఇక్కడున్నాయని మా నాన్నగారు చెప్పేవారు, ఏ గదిలోనో తెలీలేదు. ఈ ఆదివారమే వెళ్తాం. పులిహోర కట్టుకెళ్లొచ్చా? వాన పడితే?

జవాబు, ఐజల్‌వర్త్ నుంచి

కట్టుకెళ్లు. మ్యూజియం బయటికి వస్తే రసెల్ స్క్వేర్ తోట, బెంచీలుంటాయి. చెంచాలు, చెత్తకో సంచి పెట్టుకో. గుమ్మం దగ్గర బ్యాగులు తెరిచి చూస్తారు, పెద్ద సూట్‌కేసులు రానివ్వరు. వాన పడుతుంది, దానికోసం ఇంట్లో కూర్చోకండి. ఇక్కడ గొడుగు కన్నా టోపీ ఉన్న వాన కోటు నయం, గాలికి గొడుగు తిరగబడుతుంది. పొద్దున పదింటికి తెరుస్తారు, ఆ వేళకే చేరండి.