జాకెట్ ముక్కలతో క్రేజీ క్విల్ట్: మధ్యలో ఉబ్బుతోంది, ఎలా సరిచేయాలి?

ఆమదాలవలస నుంచి ప్రశ్న:
ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిగిలిన ముక్కలు బస్తాలకెత్తాను. పట్టు, కాటన్, జార్జెట్, కొంచెం వెల్వెట్, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. వీటితో క్రేజీ క్విల్ట్, అంటే వంకర టింకర ముక్కలు అతికి కుట్టే దుప్పటి చేసి, అతుకుల మీద ఎంబ్రాయిడరీ వేసి, మా చెల్లెలి కూతురి పెళ్ళికి మంచం మీద పరుచుకునేలా ఇద్దామని ఉంది. నమూనాకి అడుగు చదరం ఒకటి కుట్టి చూశాను. ముక్కలన్నీ కలిపేసరికి నూనెలో వేసిన అప్పడంలా మధ్యలో ఉబ్బింది. దాని మీద దారప్పని మొదలుపెడితే ఇంకా ముడుచుకుంటోంది. లోపల దూది పెడితే సర్దుకుంటుందా? పెళ్ళి మాఘమాసంలో.

విజయనగరం నుంచి:
అక్కా, ముక్కకి ముక్క నేరుగా కలిపేసినట్టున్నారు. జాకెట్ ముక్కల్లో చాలా అంచులు క్రాసుగా తెగి ఉంటాయి. అవి కుట్టేటప్పుడే సాగిపోతాయి. దూది పెడితే ఉబ్బు తగ్గదు, దాక్కుంటుంది అంతే. ఈ పనిలో ప్రతి ముక్కనీ అడుగున ఉన్న ఒకే గుడ్డ మీద కుట్టాలి. ఉతికి ఆరేసిన గాడా గుడ్డ గానీ, చిరగని పాత కాటన్ దుప్పటి గానీ సరిపోతుంది.

12 అంగుళాల చదరం కావాలంటే అడుగు గుడ్డ 14 అంగుళాలు కోయండి. ఎంబ్రాయిడరీ దారం గుడ్డని ఎంతో కొంత లోపలికి లాగుతుంది కాబట్టి ఆ మిగులు ఉండాలి. సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి, ఐదు మూలలున్న ముక్క ఒకటి మంచివైపు పైకి వచ్చేలా పెట్టి పిన్ను గుచ్చండి. రెండో ముక్కని దాని మీద బోర్లా వేసి, ఒక అంచు కలిపి, పావు అంగుళం లోపలికి మెషీన్ కుట్టు వేయండి. ఇప్పుడు రెండో ముక్కని బయటికి తిప్పి ఇస్త్రీ చేయండి. ఎక్కువైన గుడ్డ కత్తిరించి పక్క అంచుకి వెళ్ళండి. అలా ఒకే దిక్కున చుట్టూ తిరుగుతూ రావాలి. కొత్తగా వేసే ముక్క, ముందు వేసిన వాటి కొసలన్నిటినీ కప్పేంత పొడుగు ఉండాలి. ఎక్కడైనా అందని మూల మిగిలితే కంగారేం లేదు, అంచులు లోపలికి మడిచిన చిన్న ముక్క చేత్తో కుట్టి, పైన లేసు వేసేయండి.

ప్రతి కుట్టుకీ ఇస్త్రీ పెట్టె దగ్గరికి లేవడం విసుగే. కానీ ఆ ఒక్కటి మానేస్తే మళ్ళీ ఉబ్బు మొదలు. ఎంబ్రాయిడరీ అంతా అయ్యాకే చదరాన్ని పన్నెండున్నరకి కోయండి. కలిపి కుట్టేసరికి అర అంగుళం పోయి పన్నెండు మిగులుతుంది.

రాజాం నుంచి:
నేనూ టైలర్నే. జార్జెట్, పల్చటి పట్టు వెనకాల ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే అస్తరు) అతికించండి. కాలర్లకి వేసే బిరుసుది కాదు, పల్చటిది. వెల్వెట్‌ని పైనుంచి ఇస్త్రీ చేస్తే నూగు అణిగిపోతుంది. టవల్ మీద బోర్లా వేసి ఆవిరి మాత్రం తగిలించండి. ఏది పట్టో ఏది పాలిస్టరో తెలియకపోతే ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. కాటన్ కాలితే కాగితం కాలిన వాసన, పట్టుకి వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పాలిస్టర్ పనికిరాదని కాదు, ఇస్త్రీ వేడి తగ్గించుకోవాలి.

పాలకొండ నుంచి:
ఏటమ్మా, ఒక్క దుప్పటికి ఇంత తతంగమా! మేము పాత నేత చీరలు నాలుగు పొరలు పరిచి, చుట్టూ కచ్చా కుట్టు వేసుకుని, అంచు నుంచి లోపలికి వరస వరసగా బొంత కుట్టుకునేవాళ్ళం. చలికి కప్పుకోవచ్చు, ఉతుక్కోవచ్చు, పసిపిల్లని పడుకోబెట్టొచ్చు. పెళ్ళిపిల్లకి ఇవ్వాలంటే బొంతే ఇవ్వమంటాను.

విజయనగరం నుంచి:
పిన్నిగారూ, రోజూ వాడకానికైతే మీ మాటకి తిరుగు లేదు. బొంతలో కుట్టు పొరలన్నిటినీ పట్టి ఉంచుతుంది. క్రేజీ క్విల్ట్‌లో పైన వేసే కుట్టు చాలావరకు సింగారానికే. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ పెట్టిన జపాన్ వస్తువులు చూశాక అక్కడి ఆడవాళ్ళకి ఈ వంకర టింకర డిజైన్ల మీద మోజు పెరిగిందంటారు. 1880లలో పట్టు, వెల్వెట్ ముక్కలతో తెగ కుట్టారు. వాటిలో చాలా వాటికి దూది ఉండదు. సోఫా మీద, హాల్లో నలుగురికీ కనబడేలా వేసుకునేవారు. ఆ కాలం పట్టుకి బరువు రావాలని లోహపు లవణాలు పట్టించేవారు, దాంతో ఇప్పుడవి పెళుసెక్కి చీలిపోతున్నాయి. అక్కా, మీ బస్తాలో కూడా మడత దగ్గర చీలుతున్న పాత పట్టు ఉంటే, రంగు ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

కాబట్టి దూది వద్దు. చదరాలన్నీ కలిపాక వెనక లైనింగ్ వేసి, ఐదారు అంగుళాలకి ఒకచోట రెండు పొరలూ పట్టేలా దారంతో ముడి వేస్తే చాలు. ముడి వెనకవైపు వేయండి.

ఆమదాలవలస నుంచి:
గాడా గుడ్డ మీద కుట్టి చూశాను, పలకలా వచ్చింది! ఇప్పుడు అతుకుల సంగతి. నాకు చైన్ స్టిచ్, కాజా కుట్టు వచ్చు. ఆ రెండూ చాలా? దారం ఎన్ని పోగులు తీసుకోవాలి?

బొబ్బిలి నుంచి:
వదినగారూ, ఫెదర్ స్టిచ్ ఒకటి పట్టండి, సగం పని అదే చేస్తుంది. అతుకు నిలువుగా మీ ముందుండేలా పెట్టుకోండి. పైన అతుకు మీద సూది పైకి తీయండి. దానికి కొంచెం కుడిగా, అదే ఎత్తులో సూది దించి, రెండిటికీ నడుమ కాస్త కిందగా పైకి తీయండి. తీసేటప్పుడు దారం సూది కింద ఉండాలి. లాగితే చిన్న వంపు పడుతుంది. తర్వాతది ఎడమకి. అలా కుడీ ఎడమా దిగుతూ పోతే కొమ్మలా వస్తుంది. కొసల్లో ఫ్రెంచ్ నాట్లు (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడులు) పెడితే మొగ్గలు. మరీ బిగించకండి, బిగిస్తే మళ్ళీ ముడతలే.

లచ్చిలో ఆరు పోగులుంటాయి. పల్చటి గుడ్డకి రెండు, వెల్వెట్‌కి మూడు. వెల్వెట్‌ని ఫ్రేములో బిగిస్తే గుండ్రంగా మచ్చ పడుతుంది, దాన్ని చేతిలోనే పట్టుకుని కుట్టండి. పూల ప్రింటున్న ముక్కలని అలా వదిలేసి, ప్లెయిన్ ముక్కల్లోనే బొమ్మలు వేయండి. అందరూ వేసే సాలెగూడు, విసనకర్ర మనకెందుకు? మా ఊరి వీణ వేయండి, పలాస జీడిపండు వేయండి. జీడిపండు తేలిక, కింద గింజ ఒక్కటి శాటిన్ స్టిచ్‌తో, అంటే పక్కపక్కనే ఒత్తుగా వేసే కుట్టుతో నింపితే చాలు. అతుకులన్నిటికీ బంగారు రంగు దారం ఒకటే వాడితే ఈ కలగాపులగం ఒక దారికి వస్తుంది.

పొందూరు నుంచి:
మా ఖద్దరు ముక్కలు దొరికితే పైన వాడండి, అడుగున వద్దు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికిన సన్న నూలది, కిందకి దాచేస్తే అన్యాయం. కాకపోతే తెల్ల ఖద్దరు పక్కన ఎరుపు, నీలం కాటన్ పెట్టే ముందు తడిపిన తెల్లగుడ్డతో ఆ రంగు ముక్కని రుద్ది చూడండి. గుడ్డకి రంగంటితే ఆ ముక్క వద్దు.

ఆమదాలవలస నుంచి:
నాలుగడుగులు, ఆరడుగులు అంటే 24 చదరాలు. మాఘమాసానికి అవుతుందంటారా?

విజయనగరం నుంచి:
పెళ్ళిళ్ళ సీజన్లో మీకు జాకెట్లే ఊపిరి ఆడనివ్వవు, అనుమానమే. రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుతో మంచం కాళ్ళవైపు అడ్డంగా పరిచే పట్టీ చేయండి, 12 చదరాలతో పోతుంది. నా లెక్కలో అదే అందం కూడా. నలిగిపోయే చోట ఉండదు. టైముంటే రెండు దిండు గలీబులు కలపండి.

ఆమదాలవలస నుంచి:
పట్టీయే ఖాయం. ఉతకడం ఎలా?

రాజాం నుంచి:
పట్టు, వెల్వెట్ కలిశాక నీళ్ళలో వేయకూడదు. దులిపి నీడన గాలికి ఆరేయడమే. వానాకాలం ముందు బీరువాలోంచి తీసి ఒకసారి గాలి తగలనివ్వాలి. జరీ ముక్కలుంటే కలరా ఉండలు పెట్టొద్దు, జరీ నల్లబడుతుంది. పాత పంచెలో చుట్టి పెట్టుకోమనండి. వాషింగ్ మెషీన్లో వేయొద్దని పిల్లతో పాటు వాళ్ళ అత్తగారికి కూడా ఒక మాట చెప్పండి.