అమ్మ నమ్మకాన్ని ప్రశ్నించడం తప్పా?

ప్రశ్న:
అమ్మకి 62 ఏళ్ళు, పదేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. పోయిన నెల ఊళ్ళోకి వచ్చిన ఒక స్వామి మండలం పాటు విభూతి నీళ్ళు తాగితే చాలు, మందులతో పని లేదన్నాడట. మొన్న దేవుడి గూడు తుడుస్తుంటే పటం వెనక మాత్రల అట్ట దొరికింది, పదికి పదీ అలాగే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయి "ఇదంతా మూఢనమ్మకం" అని అరిచేశాను. "నన్నేమైనా అను, నా దేవుణ్ణి అనకురా" అని ఏడ్చింది. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, కానీ అమ్మని ఏడిపించడం నా ఉద్దేశం కాదు. అసలు ఎంతవరకు అడగొచ్చు?

జవాబు 1:
ముందు ఈరోజే బీపీ చూపించండి, మాత్ర ఉన్నట్టుండి మానేస్తే పక్షవాతం దాకా పోవచ్చు. మీకు గొడవ స్వామి మాటతో, అమ్మకి మాత్రం అది దేవుడితో గొడవలా వినపడింది. ఆ రెండూ విడదీసి మాట్లాడండి. బీపీని మహిమలతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది, కాబట్టి గట్టిగా అడగాల్సింది ఆ స్వామిని.

జవాబు 2:
1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని ఊరంతా గుడికి పరిగెత్తిన రోజు నాకు బాగా గుర్తు. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు, ఇంట్లో విగ్రహం ముందు నానమ్మని కూర్చోబెట్టి పాలలో కుంకుమ కలిపి చెంచా తొండానికి ఆనించాడు. తలతన్యత (ద్రవం పైపొరకి ఉండే బిగువు) వల్ల పాలు రాతికి అంటుకుని సన్నటి పొరలా కిందికి జారతాయి, తెల్లగా ఉంటే కనపడవు, ఆరోజు ఎర్రటి చార బొజ్జ మీదుగా పీట దాకా కనిపించింది. నానమ్మ "అయితే మిగతావి పిల్లలకి పొయ్యి" అంది. మర్నాడు దీపం మామూలుగానే పెట్టుకుంది.

జవాబు 3:
బాబూ, నేను రోజూ పూజ చేసుకునేదాన్ని, మీ అమ్మ వయసే. కఠోపనిషత్తులో నచికేతుడు ముందు ప్రశ్నించింది యముణ్ణి కాదు, కన్నతండ్రినే. పాలుడిగిన ఆవుల్ని దానం ఇస్తుంటే చూడలేక, నన్నెవరికి ఇస్తావని మూడుసార్లు అడిగాడు. తండ్రికి చెడ్డ జరుగుతుందన్న బాధతో అడిగాడు. నువ్వూ అడుగు, కానీ అరవకు. మూఢం అన్న మాట మాకు చాలా గుచ్చుకుంటుంది నాయనా.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
సాయంత్రం చూపిస్తే 170/100 ఉంది. అరిచినందుకు ముందు సారీ చెప్పాను, తర్వాత "మందు మానమని దేవుడు చెప్పాడా, ఆ మనిషి చెప్పాడా" అని మాత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి మాత్ర వేసుకుంది, విభూతి నీళ్ళతో.