సంఘ కాపరి తప్పును సంఘం బయట మాట్లాడవచ్చా?

హనుమకొండ విశ్వాసి:

మా బంధువు ఒకామె, భర్త పోయిన మనిషి, ఇక్కడి ఒక స్వతంత్ర సంఘానికి, అంటే ఏ పెద్ద చర్చి సంస్థ కిందా లేని చర్చికి, ఏళ్ల తరబడి వెళ్తోంది. నాలుగిళ్లలో పని చేసుకుంటూ కూడా దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, తప్పేది కాదు. కొడుకు కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చి కొన్ని నెలలు ఆపింది. ఆలోపే ఆమెకు ఆపరేషన్ అయింది. పాస్టర్ గారు ఆదివారం వాక్యంలో పేరెత్తకుండానే, దేవుని సొమ్ము దాచుకున్నవాళ్లు దాన్ని ఆస్పత్రిలో కట్టాల్సిందే అన్నారు. ఎవరి గురించో అందరికీ తెలుసు. కుట్లు ఆరకముందే ఆమె వడ్డీకి తెచ్చి బాకీ మొత్తం ఇచ్చేసింది.

అదే సంఘంలో ఒక తమ్ముడు మందిరం స్లాబు కోసం వసూలైన డబ్బుకు లెక్క అడిగాడు. అతనికి బల్ల, అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, ఆపేశారు. యూత్ వాళ్లను అతనితో మాట్లాడొద్దన్నారు. పెళ్లి సంబంధం వాళ్లకు కూడా 'తిరుగుబాటు ఆత్మ ఉన్నవాడు' అని కబురు వెళ్లింది. కమిటీ అంటే పాస్టర్ గారు, పాస్టరమ్మ, అల్లుడు, బావమరిది.

దీన్ని ఆత్మీయ దౌర్జన్యం అనే అంటాను. దెబ్బలు లేవు, తిట్లు లేవు, కానీ దేవుని పేరుతో మనిషిని వణికించి పని చేయించుకున్నారు. ఎవరైనా నోరెత్తితే 'బైబిల్లో 105వ కీర్తన చదువుకో, అభిషేకించినవారిని ముట్టకూడదు' అంటారు. ఆ కీర్తన పూర్తిగా చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు కొద్దిమందిగా, పరాయి దేశాల్లో దిక్కులేక తిరుగుతున్నప్పుడు దేవుడు రాజులను గద్దించి చెప్పిన మాట అది. బలహీనుల జోలికి రావద్దని బలవంతులకు చేసిన హెచ్చరికను తీసుకొచ్చి ఒక విధవరాలి నోరు మూయించడానికి వాడుతున్నారు. సమూయేలు ప్రవక్త ముసలితనంలో రాజు ముందు, ప్రజల ముందు నిలబడి 'నేను ఎవరి ఎద్దును తీసుకున్నాను, ఎవరిని బాధపెట్టాను, చెప్పండి' అని తనే అడిగాడు. అభిషేకం పొందినవాడు అలా ఉండాలి.

బయట మాట్లాడాలనే నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కరీంనగర్ సంఘ పెద్ద:

సిస్టర్ గారూ, జరిగింది అన్యాయమే. అయినా సహోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలో మత్తయి సువార్త 18లో ప్రభువు ఒక క్రమం ఇచ్చాడు. ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాత సంఘానికి. వాట్సాప్‌కు, యూట్యూబ్‌కు చెప్పమనలేదు. కొరింథు సంఘస్తులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కితే అపొస్తలుడైన పౌలు ఎంత బాధపడ్డాడో తెలుసు కదా. పైగా మన పరిస్థితి చూడండి. ఊళ్లో పది ఇళ్ల సంఘం ఉంటుంది. ఒక పాస్టర్ మీద వీడియో బయటికొస్తే ఆ పది ఇళ్లనూ వేలెత్తి చూపిస్తారు. ప్రార్థన కూటం పెట్టుకోవడానికే భయపడాల్సిన ఊళ్లున్నాయి.

మా సిఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘం) పాస్టరేట్ కమిటీ, ఆడిట్, బిషప్ గారు ఉన్నారు. అయ్యగారికి బదిలీ ఉంటుంది. అసలు సమస్య స్వతంత్ర సంఘాలది.

గోదావరిఖని చెల్లి:

అన్నా, ఆ క్రమాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ మూడో మెట్టు చూడండి. 'సంఘానికి తెలియజెప్పు' అన్నాడు. సంఘమే పాస్టర్ గారి కుటుంబమైతే ఎవరికి చెప్పాలి? మత్తయి 18 అన్నకూ తమ్ముడికీ మధ్య తగాదా గురించి. పెద్దల గురించి 1 తిమోతి 5లో వేరే మాట ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఫిర్యాదు తీసుకోవద్దు, అయితే పాపంలో కొనసాగేవాళ్లను అందరి ఎదుట గద్దించాలి. పేతురంతటి వాణ్ని పౌలు అంతియొకయలో అందరి ముందు నిలదీశాడు, దాన్ని గలతీయులకు ఉత్తరంలో కూడా రాశాడు.

సిఎస్ఐలో అన్నీ బాగున్నాయనకండి అన్నా. 2024లో మద్రాసు హైకోర్టు సిఎస్ఐ అత్యున్నత పాలక సభ అయిన సినాడ్ నిర్వహణకు ఇద్దరు రిటైర్డ్ న్యాయమూర్తులను నియమించే దాకా వచ్చింది, అది మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కమిటీ ఉన్నంత మాత్రాన సరిపోదు, దానికి అడిగే ధైర్యం ఉండాలి.

నా సంగతీ చెబుతాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఉపవాస ప్రార్థనలో పాస్టరమ్మతో ఒక విషయం చెప్పుకుని ఏడ్చాను. తర్వాతి వారం అది దేవుడు బయలుపరచిన ప్రవచనంగా మైకులో వచ్చింది. అమ్మ నన్నే తప్పు పట్టింది. ఆ సంఘం వదిలేశాను గానీ ఇప్పటికీ ఎవరైనా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానంటే ఒళ్లు బిగుసుకుంటుంది. అక్కడ ఇంకా అమ్మాయిలున్నారు. వాళ్లకు ఎవరు చెప్పాలి?

రవి జకరియస్ విషయం గుర్తు చేసుకోండి. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ప్రసంగీకుడు. 2017లో ఒక మహిళ ఆరోపణ బయటికి వస్తే అందరూ ఆమెనే అనుమానించారు. ఆయన 2020లో చనిపోయాక, 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థ వేయించిన విచారణే లైంగిక వేధింపులు నిజమని తేల్చింది. ఆయన బతికుండగా విని ఉంటే ఎంతమందికి బాధ తప్పేది!

సుబేదారి ఆడిటర్:

లెక్కల మనిషిగా కొంచెం చెబుతాను. గుళ్లకు దేవాదాయ శాఖ, ముస్లింల మత ఆస్తులకు వక్ఫ్ బోర్డు ఉన్నట్టు చర్చిలకు అలాంటి ప్రభుత్వ బోర్డు లేదు. అందుకని మీ సంఘం కాగితాల మీద ఏమిటో ముందు తెలుసుకోండి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైతే దానికి బైలాలు, సర్వసభ్య సమావేశం ఉండి తీరాలి. వివాదమొస్తే సెక్షన్ 23 కింద సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. పబ్లిక్ ట్రస్టయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 ఉంది. ఆ ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు, కోర్టు అనుమతితో లెక్కలు చూపించమని దావా వేయవచ్చు. మందిరం స్థలమే పాస్టర్ గారి సొంత పేరు మీద ఉంటే చిక్కు. స్లాబుకు డబ్బు ఇచ్చేముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీయించుకోవాలి. ఎవరూ తీయించరు.

పరువు నష్టం గురించి అందరికీ టెన్షన్. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం నిజమై, ప్రజల మేలు కోసమైతే అది నేరం కాదు. సద్బుద్ధితో అధికారం ఉన్నవాళ్లకు ఫిర్యాదు చేయడమూ నేరం కాదు. నిజమని చూపించాల్సింది మాత్రం మీరే. కాబట్టి రసీదులు, మెసేజ్‌లు దాచుకోండి. 'దొంగ' అనొద్దు, 'ఈ మొత్తానికి లెక్క చూపలేదు' అనండి.

మత్తయి 18 అసలు వర్తించని చోటు ఒకటుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడి సర్దేస్తే వాళ్లూ నేరస్థులే. హెల్ప్‌లైన్ నంబర్లు: పిల్లలకు 1098, మహిళలకు 181.

గోదావరిఖని చెల్లి:

చట్టం సరే అన్నా, స్టేషన్ మెట్లు ఎక్కేవాళ్లు ఎవరని చూడాలి. సంఘంలో సగం మంది ఎస్సీ సర్టిఫికెట్ మీద పిల్లల్ని చదివిస్తున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఫిర్యాదులో 'నేను ఫలానా చర్చి సభ్యురాలిని' అని రాయాలంటే చెయ్యి ఆడదు. ఆ భయం ఆ పాస్టర్లకు బాగా తెలుసు.

పరకాల దగ్గరి కాపరి:

నేను పల్లెలో చిన్న సంఘం నడుపుతున్నాను. అందరినీ ఒక్క గాటన కట్టకండి. నా మీదా ఒకసారి పుకారు పుట్టింది, తేలేలోపు మూడు కుటుంబాలు మానేశాయి. నా కూతురు బడిలో మాటలు పడింది. సాక్షులు లేకుండా తీసుకోవద్దన్న వాక్యం మాలాంటి వాళ్లకూ రక్షణే.

అయితే సిస్టర్ గారు చెప్పింది కొట్టిపారేయలేను. మా దగ్గర కానుకలు నేను లెక్కపెట్టను. రెండు కుటుంబాలు లెక్కపెట్టి నోటుబుక్కులో సంతకం చేస్తాయి. యెరూషలేముకు కానుక తీసుకెళ్తూ పౌలు పక్కన మనుషుల్ని పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకూడదని. ఆడవాళ్లతో ప్రార్థన అంటే నా భార్య ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. అడిగినవాడికి బల్ల ఆపడం! ఆ బల్ల ప్రభువుది, పాస్టర్ ఇంట్లో అన్నం కాదు.

కరీంనగర్ సంఘ పెద్ద:

మైనరు విషయంలో, ప్రాణం మీదికొచ్చే విషయంలో వెంటనే బయటికి వెళ్లాలి, ఒప్పుకుంటున్నాను. డబ్బు విషయంలో ముందు రాతపూర్వకంగా అడగాలనే ఇప్పటికీ అంటాను.

హనుమకొండ విశ్వాసి:

అలాగే అడుగుతాం. ఆ తమ్ముడు, ఇంకో రెండు కుటుంబాలు సంతకం పెడతామన్నారు. స్లాబు లెక్క, బల్ల ఆపడానికి కారణం, రెండూ ఉత్తరంలో అడిగి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాం. నెల దాకా జవాబు రాకపోతే సంఘస్తులందరికీ ఆ ఉత్తరం కాపీ ఇస్తాం, సెక్షన్ 23 గురించి వకీలును కలుస్తాం. మా బంధువు పేరు మాత్రం ఎక్కడా రాదు. ఆమె ఇంకా భయపడుతోంది, ఆమెకు ఇష్టం లేకుండా ఆమె కథను మేము కూడా వాడుకోకూడదు. పరకాల అయ్యగారూ, వాళ్లు మాట్లాడదాం రమ్మంటే మీరు సాక్షిగా వస్తారా?

పరకాల దగ్గరి కాపరి:

వస్తానమ్మా. కాకపోతే నేను వస్తున్నట్టు ఆ పాస్టర్ గారికి ముందే చెప్పండి. ఆయన లెక్క చూపిస్తే, చూపించారని కూడా అందరికీ నేనే చెబుతాను.