రెండు రంగుల ఊలు టోపీ: రిబ్ సరిపోయింది, ముగ్గు దగ్గర బిగుసుకుంది

చుక్కలముగ్గు (తిరుపతి):
ధనుర్మాసంలో తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కే నాన్నకని టోపీ అల్లుతున్నా. తల చుట్టుకొలత 56 సెం.మీ. డీకే ఊలు (ఓ మోస్తరు మందం దారం), తెలుపు, మెరూన్. 4 మి.మీ. సర్క్యులర్ సూది (గుండ్రంగా అల్లేది), 120 కుట్లు, 8 కుట్లకోసారి తిరిగొచ్చే చుక్కల ముగ్గు. అడుగున రిబ్ (సాగే అంచు పట్టీ) బాగా సాగుతోంది. ముగ్గు మొదలైన చోట మాత్రం తాడు బిగించినట్టుంది, తలకు దిగడం లేదు. ఉతికి సాగదీస్తే సరిపోతుందా, విప్పాలా?

ఊలుబంతి (చిత్తూరు):
విప్పాల్సిందే అక్కా. తడిపి ఆరబెడితే ఒకటి రెండు సెంటీమీటర్లు వస్తాయేమో, అంతే. బిగిసింది కుట్లు కాదు, ఒక రంగుతో అల్లుతుంటే వెనకాల పోయే రెండో రంగు దారం. కుట్టు సాగుతుంది, అడ్డంగా పోయే దారం సాగదు.

ఈసారి రంగు మార్చే ముందల్లా కుడి సూది మీద అల్లేసిన కుట్లను వేలితో వెడల్పుగా జరపండి, ఆ తర్వాతే కొత్త రంగుతో కుట్టు వేయండి. అయినా బిగిస్తుంటే టోపీని తిరగేసి, వెనక వైపు బయటికి ఉండేలా పట్టుకుని అల్లండి. దారం బయటి చుట్టున తిరగాలి కాబట్టి దానంతటదే వదులవుతుంది.

ఒకే రంగు 5 కుట్లు దాటితే మధ్యలో రెండో దారాన్ని ఓసారి మెలేయాలి, లేదంటే పెట్టుకునేటప్పుడు వేళ్ళకు తగులుకుంటుంది. మెలికలు వరసవరసకీ ఒకదానిపై ఒకటి పడితే తెలుపులోంచి మెరూన్ తొంగిచూస్తుంది.

చుక్కలముగ్గు:
ముగ్గు భాగంలో 10 సెం.మీ.కి 27 కుట్లు వచ్చాయి.

ఊలుబంతి:
అంటే చుట్టుకొలత 44 సెం.మీ. అల్లిక కొంత సాగుతుంది కాబట్టి తలంత 56 అక్కర్లేదు గానీ 50 అయినా కావాలి, అంటే 10 సెం.మీ.కి 24 కుట్లు. రిబ్ అలాగే ఉంచి ముగ్గుకు 4.5 సూది తీసుకోండి. మచ్చు కూడా గుండ్రంగానే అల్లి చూడండి. అటూఇటూ అల్లితే పర్ల్ (వెనక వైపు నుంచి వేసే కుట్ల) వరసలు కలిసి కొలత మారుతుంది.

పలమనేరు అల్లిక:
ఇంకో మాట. రెండు దారాల్లో కింది నుంచి వచ్చేదే పైకి ఎక్కువ కనబడుతుంది. ముగ్గు రంగును కిందే పెట్టి చివరిదాకా మార్చకండి. మధ్యలో తారుమారైతే అక్కడ చార పడినట్టుంటుంది.

మెరూన్‌ది మూరెడు దారం తడిపి తెల్లగుడ్డలో ఒత్తి చూశారా? రంగు దిగితే ఇప్పుడే వేరే బంతి చూసుకోవడం మేలు, టోపీ అయ్యాక చేసేదేం లేదు.

టోపీ నెత్తి భాగం ముగించడానికి 8 భాగాలు చేయండి, ఒక్కోటి 15 కుట్లు. వరస విడిచి వరస భాగానికో కుట్టు తగ్గించండి, 40 మిగిలాక ప్రతి వరసా. అక్కడ ఒకే రంగు చాలు, ముగ్గు ఎలాగూ విరిగిపోతుంది.