ప్రామ్‌కు రమ్మని పదిమందిలో అడగడం: ముచ్చటా, ఒత్తిడా?

డాలస్ అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ పన్నెండో తరగతి. ఏప్రిల్ నెలాఖరులో ప్రామ్, అంటే బడి వాళ్లు పెట్టే డాన్సు వేడుక. పోయిన వారం భోజనాల హాలులో ఒక అబ్బాయి పిజ్జా పెట్టె తెరిచి పట్టుకున్నాడట. మూత లోపలివైపు నల్ల మార్కరుతో, ‘నాతో ప్రామ్‌కు వస్తావా?’ అని. చుట్టూ పిల్లలందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మా పిల్ల సరేనంది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. "మంచివాడేనమ్మా, కానీ నాకు స్నేహితురాళ్లతో వెళ్లాలని ఉంది. అంతమందిలో వద్దని ఎలా చెప్పను?" అంది. ఇలా అడగడం తప్పని నా వాదన.

న్యూజెర్సీ నాన్న:
పాప బాధ అర్థమైందమ్మా. కానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. 2011లో కనెటికట్‌లోని షెల్టన్ హైస్కూలు గోడ మీద ఒక విద్యార్థి అడుగు ఎత్తు అట్ట అక్షరాలు అంటించి ఒక అమ్మాయిని పిలిచాడు. బడి వాళ్లు అతణ్ణి ప్రామ్‌కే రావద్దన్నారు. దేశం నలుమూలల నుంచీ అతనికి మద్దతు వచ్చాక వెనక్కి తగ్గారు. ఆ వయసులో అలా అడగడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

డాలస్ అమ్మ:
ఆ గోడ మీద అమ్మాయి పేరు కూడా ఉందండీ. ఆమె ఒప్పుకుంది కాబట్టి మనం దాన్ని ముచ్చటగా చెప్పుకుంటున్నాం. కాదనాలని ఉంటే ఆమె మరునాడు ఆ బడిలో ఎలా తిరిగేది? అడిగేవాడి ధైర్యం అందరికీ కనిపిస్తుంది. కాదనడానికి కావలసిన ధైర్యం ఎవరి లెక్కలోకీ రాదు.

సియాటిల్ అక్క:
ఖర్చు సంగతీ చూడండి. వీసా కార్డుల సంస్థ 2015లో జరిపిన సర్వేలో ప్రామ్‌కు సగటున 919 డాలర్లు తేలితే, అందులో 324 ఈ ఆహ్వానానికే. అంత ఖర్చు కళ్లముందు పెట్టి అడిగితే ఏ పిల్లకైనా నోరు పెగలదు.

న్యూజెర్సీ నాన్న:
ఖర్చు విషయంలో మీతో ఏకీభవిస్తాను. మావాడు అట్టముక్క, రంగులతోనే సరిపెట్టాడు. పైగా ఆ అమ్మాయిని ముందే విడిగా అడిగాడు. ఆమె సరేనన్నాకే పోస్టరు పట్టుకున్నాడు.

డాలస్ అమ్మ:
అలాగైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అప్పుడది ఇద్దరి సంబరం. మరి ఇప్పుడు ఆ అబ్బాయి తల్లితో నేను మాట్లాడనా?

సియాటిల్ అక్క:
వద్దమ్మా, పాపనే చెప్పనివ్వండి. సందేశం పంపి ఊరుకోకుండా, ఎవరూ లేనప్పుడు ఎదురుగా చెప్పమనండి. అదీ ఈ వారంలోనే. ఆలస్యమైతే ఆ అబ్బాయి సూటు అద్దెకు డబ్బు కట్టేస్తాడు.